పెరటి కోళ్ళ మార్పిడికి నెలకొకసారి కలుసుకుందామా? (తాడేపల్లిగూడెం, తణుకు పరిసరాలు)

గూడెం_పెరడు

తాడేపల్లిగూడెం, పెంటపాడు, తణుకు, ఉంగుటూరు చుట్టుపక్కల పెరట్లో పదో పాతికో కోళ్ళు పెంచుకుంటున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. అయినా ఎవరి ఇంట్లో ఏ జాతి ఉందో పక్క ఊరివారికి కూడా తెలియదు. మా ఇంటి సంగతే చెబుతాను. ఉన్న ఒక్క పుంజు తనకు పుట్టిన పెట్టలతోనే జతకడుతోంది. బయటి పుంజు వచ్చి రెండు తరాలు దాటింది. పొదగేసిన గుడ్లలో మురిగిపోయేవి ఏటేటా పెరుగుతున్నాయి, దిగిన పిల్లల్లో కూడా కొన్ని ఎదుగూబొదుగూ లేకుండా ఉండిపోతున్నాయి. పుంజును మార్చుకుందామంటే ఉన్న దారులు రెండే: సంతకు వెళ్ళి కొనడం, లేదా ఎవరో ఫోనులో పెట్టిన ఫొటో చూసి డబ్బు పంపడం. ఈ రెండింటిలోనూ ఆ కోడి ఏ ఇంట్లో పెరిగిందో, దానికి టీకా పడిందో లేదో చెప్పే మనిషి ఉండడు.

అందుకని నెలకొక ఆదివారం మనలాంటివాళ్ళం ఒకచోట చేరి పుంజులు, పెట్టలు, పిల్లలు, పొదుగు గుడ్లు ఇచ్చిపుచ్చుకుంటే బాగుంటుందని అనుకుంటున్నాను. స్థలానికి మా బంధువుల మామిడితోట ఉంది. ఇలాంటిది నడిపిన అనుభవం ఉన్నవారు ఏ నెలలో పెట్టాలో, ఎవరికి ముందుగా చెప్పాలో, ఏమేమి రానివ్వకూడదో వివరంగా రాయండి.

కోడిగంప

చాలా మంచి ఆలోచన. పొదుగుకు గట్టిగా కూర్చునే నాటు పెట్టలు నా దగ్గర ఉన్నాయి, మంచి పుంజు మాత్రం లేదు. మాది పెంటపాడు దగ్గరే కాబట్టి తప్పకుండా వస్తాను.

డేగపుంజు

వారం వారం సంత జరుగుతూనే ఉంది. తాతల కాలం నుంచి కోళ్ళు అక్కడే చేతులు మారాయి. కోడిని చేత్తో పట్టుకుని, కాళ్ళూ ముక్కూ చూసి, బేరమాడి తెచ్చుకునే చోటు ఉండగా మళ్ళీ వేరే సమావేశం ఎందుకో నాకు అర్థం కాలేదు. కోడిని చూడడం తెలిసినవాడు సంతలో మోసపోడు.

రాధ_తణుకు

డేగపుంజు గారూ, కోడిని చూడడం తెలిసినవారు కూడా దాని ఒంట్లో దాగి ఉన్న తెగులును చూడలేరు. కొక్కెర తెగులు (రాణీఖేత్ వ్యాధి) సోకిన కోడి పైకి ఏ లక్షణమూ కనబడకుండా కొన్ని రోజులు, ఒక్కొక్కసారి రెండు వారాల దాకా తిరుగుతుంది. మా వదినగారు ఒక సంతలో ఎర్రటి జుట్టుతో నిగనిగలాడుతున్న పెట్టను కొని, ఆ రాత్రే మిగిలిన కోళ్ళతో పాటు గూట్లో వదిలారు. వారం తిరిగేసరికి ఒక్కొక్కటే మెడ తిప్పుకుంటూ, ఆకుపచ్చ రెట్ట వేస్తూ కూలబడిపోయాయి. ఆ పెట్టను అమ్మినవారు అబద్ధం ఆడి ఉండకపోవచ్చు, వారికి కూడా తెలిసి ఉండదు. సంతలో ఎవరినీ తప్పుపట్టలేం, ఎవరినీ అడగలేం. మనకు కావలసింది అడిగితే సమాధానం చెప్పే మనుషులు ఉన్న చోటు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. పెరటి కోళ్ళను సాకేది ఎక్కువగా ఆడవాళ్ళు. గుడ్లు ఏరేది, పొదగేసేది, పిల్లలను గద్దల నుంచి కాచేది, సాయంత్రం గంప కింద మూసేది వాళ్ళే. సంతలో కోళ్ళ వరుస దగ్గర ఆడవాళ్ళు నిలబడి బేరమాడే వీలు ఎంత ఉందో మీకే తెలుసు. ఈ సమావేశం మా డ్వాక్రా సంఘంలోని అక్కలు కూడా ధైర్యంగా రాగలిగేలా ఉంటేనే నేను సహకరిస్తాను.

గూడెం_పెరడు

రాధ గారూ, మీ మాట పూర్తిగా ఒప్పుకుంటున్నాను. మీ సంఘంవారు వస్తే ఈ ప్రయత్నానికి అసలైన బలం వస్తుంది.

పశువైద్యం_22

నేను ఈ ప్రాంతంలోనే పశువైద్యుడిగా పనిచేస్తున్నాను. ఉద్దేశం మంచిదే కాని, పది ఇళ్ళ కోళ్ళను ఒక చెట్టు నీడకు చేర్చడమంటే పది ఇళ్ళ తెగుళ్ళనూ అక్కడికి చేర్చడమేనని ముందుగా గుర్తుపెట్టుకోవాలి. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు ఏం జరిగిందో మీరందరూ చూశారు. భోపాల్‌లోని పశువ్యాధుల ప్రయోగశాల నిర్ధారించిన వెంటనే 1 కిలోమీటరు పరిధిని రోగగ్రస్త ప్రాంతంగా, 10 కిలోమీటర్ల పరిధిని నిఘా ప్రాంతంగా ప్రకటించారు. ఆ 1 కిలోమీటరులో ఫారం కోళ్ళనే కాదు, పెరటి కోళ్ళను కూడా చంపి పూడ్చవలసిందే. అలాంటి సమయంలో ఏ ఇంటి కోడి ఏ ఇంటికి వెళ్ళిందో రాతపూర్వకంగా ఉంటే వ్యాధిని ఆపడం సులువు, లేకపోతే వెతకడానికే రోజులు పోతాయి. కనుక మీ సమావేశానికి మొట్టమొదట ఒక పుస్తకం కావాలి. ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు, ఊరు, కోడి రంగు, వయసు, టీకా వేసిన తేదీ, ఈ వివరాలు రాసి ఇద్దరి చేతా సంతకం పెట్టించాలి.

రెండోది స్థలం. మామిడితోట వద్దు. మట్టి నేలలో పడిన రెట్టను కడగలేం, పైగా తోటలో కాకులు, గోరింకలు, ఆ ఊరి కోళ్ళు తిరుగుతూ ఉంటాయి. దగ్గరలో ఏదైనా సిమెంటు కళ్ళం దొరికితే చూడండి. పని ముగిశాక నీళ్ళతో కడిగి, బ్లీచింగ్ పొడి కలిపిన నీళ్ళు చల్లి, రెండు రోజులు ఎండనిస్తే చాలు.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది టీకా. దీని గురించి రాత్రికి విడిగా రాస్తాను.

కోడిగంప

మా ఊరి చివర సిమెంటు కళ్ళం ఉంది. కోతలు లేని రోజుల్లో ఖాళీగానే ఉంటుంది. పంచాయతీవారిని అడిగి చెబుతాను.

యాదగిరి_జనగామ

మాది తెలంగాణ. మా దిక్కు అంగడిలో కూడా ఇదే ఇబ్బంది ఉంది. నా అభిప్రాయం ఏమిటంటే, అసలు కోళ్ళనే తేవద్దు, పొదుగు గుడ్లు మాత్రమే మార్చుకోండి. గుడ్డుకు మేత అక్కరలేదు, బండి మీద కాళ్ళు కట్టి తలకిందులుగా వేలాడదీసే హింస ఉండదు, పేలు ఒక ఇంటి నుంచి మరొక ఇంటికి పోవు. పుంజు రక్తం మారాలంటే గుడ్డుతో కూడా మారుతుంది కదా. మీ పెట్ట కిందనే పొదగేసుకుంటే పిల్లలు మీ ఇంటి గాలికీ నీటికీ అలవాటుపడి పెరుగుతాయి.

డేగపుంజు

గుడ్డును చూసి పుంజు ఎలా ఉంటుందో ఎవరు చెప్పగలరు? పైగా వంద కిలోమీటర్లు కుదుపుల్లో వచ్చిన గుడ్లలో ఎన్ని దిగుతాయి? నమ్మకం మీద గుడ్లు తీసుకుని మూడు వారాలు పెట్టను పొదుగు మీద కూర్చోబెట్టి, చివరకు అన్నీ మురిగితే ఆ పెట్ట శ్రమ ఎవరు తిరిగి ఇస్తారు?

నాటుగుడ్డు

యాదగిరి గారి సూచనను నేను సమర్థిస్తాను. అయితే డేగపుంజు గారి అనుమానం కూడా నిజమైనదే, కాబట్టి గుడ్ల విషయంలో పాటించవలసిన పద్ధతిని కాస్త వివరంగా రాస్తాను.

పెట్టిన రోజు నుంచి వారం లోపు గుడ్లనే మార్పిడికి తేవాలి. ఆ తర్వాత రోజురోజుకీ దిగే శాతం తగ్గిపోతుంది. ప్రతి గుడ్డు మీద పెన్సిలుతో తేదీ రాయాలి, పెన్నుతో రాయకూడదు. మట్టి అంటిన గుడ్లను కడగకూడదు. కడిగితే పెంకు మీది సన్నని పొర పోయి క్రిములు లోపలికి వెళతాయి. కడిగి తేవడం కంటే అసలు తేకపోవడం మేలు. సన్నటి కొన కిందికి ఉండేలా అట్టలో పేర్చి, మధ్యలో వరిపొట్టు పోసి తేవాలి. ఇంటికి చేరాక వెంటనే పెట్ట కింద పెట్టకుండా ఒక రాత్రి కదలకుండా ఉంచితే లోపలి గాలిగది కుదుటపడుతుంది. ఎండాకాలంలో మన గోదావరి జిల్లాల వేడికి గుడ్లు గంపలోనే చెడిపోవడం మొదలవుతుంది కాబట్టి మార్చి తర్వాత గుడ్ల మార్పిడి ఆపేయడమే మంచిది.

ఒక పెట్ట కింద పది, పన్నెండు కంటే ఎక్కువ పెట్టవద్దు. ఏడో రోజు రాత్రి గుడ్డును ఫోను లైటు మీద నిలబెట్టి చూస్తే జీవం ఉన్నదాంట్లో సాలీడు కాళ్ళు చాచినట్టు ఎర్రటి నరాలు కనబడతాయి. ఏమీ లేకుండా పచ్చగా వెలిగితే అది మురుగు గుడ్డు. ఆ రోజే లెక్క రాసి గుడ్లు ఇచ్చినవారికి చెబితే ఎవరి పుంజు పని చేస్తోందో, ఎవరిది చేయడం లేదో రెండు మూడు విడతల్లోనే తెలిసిపోతుంది. గుడ్డును చూసి పుంజును చెప్పలేమన్న మాటకు ఇదే జవాబు. మురిగిన గుడ్లకు బదులుగా తర్వాతి నెల అన్ని గుడ్లు తిరిగి ఇవ్వాలని నియమం పెట్టుకోవచ్చు.

పశువైద్యం_22

నాటుగుడ్డు గారు రాసిన పద్ధతి సరైనది. ఒక్క మాట చేర్చాలి. గుడ్డు పూర్తిగా సురక్షితమని అనుకోవద్దు. తెల్లపారుడు కలిగించే సాల్మొనెల్లా పుల్లోరం క్రిమి, శ్వాసకు సంబంధించిన మైకోప్లాస్మా కూడా తల్లి నుంచి గుడ్డులోకి వెళతాయి. పిల్లలు దిగిన మొదటి వారంలోనే తెల్లటి రెట్ట తోక కింద అంటుకుని గుంపుగా చనిపోతున్న ఇంటి నుంచి గుడ్లు తీసుకోకూడదు. కోళ్ళతో పోలిస్తే గుడ్లతో ముప్పు తక్కువ అన్నంతవరకు నిజం.

అట్లాంటా_వంశీ

మా సొంతూరు నిడదవోలు, ఇప్పుడు అమెరికాలో జార్జియా రాష్ట్రంలో ఉంటున్నాను. ఇక్కడ పెరటి కోళ్ళవారు శనివారం పొద్దున్నే దాణా దుకాణాల ముందు ఖాళీ స్థలంలో కలుస్తారు. ట్రక్కు వెనక బోనులు పెట్టుకుని, వాటి మీద జాతి, వయసు, ధర రాసి ఉంచుతారు. పొద్దెక్కేసరికి అంతా అయిపోతుంది. కోళ్ళ అభివృద్ధికి 1935 నుంచి నడుస్తున్న జాతీయ పథకం ఒకటి ఉంది, ఎన్‌పీఐపీ అంటారు. మొదట పుల్లోరం తెగులును తుడిచిపెట్టడానికే దాన్ని ప్రారంభించారు. ఆ పథకం కింద పరీక్ష చేయించుకుని కాగితం పొందినవారి కోళ్ళను అందరూ నమ్మకంగా కొంటారు.

ఇంత ఏర్పాటు ఉన్నా 2025 జనవరిలో ఇక్కడి ఎల్బర్ట్ కౌంటీలోని ఒక ఫారంలో బర్డ్ ఫ్లూ తేలగానే రాష్ట్ర వ్యవసాయ శాఖ కోళ్ళ ప్రదర్శనలు, మార్పిడులు, సంతలు అన్నిటినీ ఒక్క ఉత్తర్వుతో నిలిపివేసింది. మళ్ళీ అనుమతి ఇచ్చేదాకా ఎవరూ కలవలేదు. మీరు కూడా అలాంటి సందర్భంలో సమావేశాన్ని ఎవరూ చెప్పకముందే ఆపేస్తామని ఇప్పుడే రాసిపెట్టుకోండి. అప్పటికప్పుడు ఆపాలంటే ఎవరో ఒకరు ఈ ఒక్కసారికి కానిద్దామని తప్పకుండా అంటారు.

కొల్లేటి_గట్టు

మాది కొల్లేటి అంచున ఉన్న ఊరు. వంశీ గారు చెప్పినది మాకు మరింత వర్తిస్తుంది. అక్టోబరు నుంచి వలస పక్షులు కొల్లేటికి దిగుతాయి, మార్చి దాకా ఉంటాయి. కోతలయ్యాక బాతుల మందలు అవే నీళ్ళలో ఈది, అవే చేలల్లో మేసి ఊరూరా తిరుగుతాయి. బాతు ఒంట్లో బర్డ్ ఫ్లూ క్రిమి ఉన్నా చాలాసార్లు పైకి ఏమీ కనబడదు, కోడికి తగిలితే మాత్రం నిలవదు. నేను బాతులే పెంచుతాను, అయినా నా అభ్యర్థన ఏమిటంటే బాతులను ఈ సమావేశానికి రానివ్వకండి. మాకు విడిగా ఏర్పాటు చేసుకుంటాం.

గూడెం_పెరడు

కొల్లేటి_గట్టు గారూ, బాతులు పెంచుతూ కూడా మీరే ఈ మాట చెప్పినందుకు కృతజ్ఞతలు. అయితే ఏ నెలలు ఎంచుకోవాలి? వలస పక్షుల కాలం వదిలేస్తే ఎండాకాలం, వానాకాలమే మిగులుతాయి.

డేగపుంజు

మంచి పుంజులు బయటికి వచ్చేది సంక్రాంతి ముందే. మార్గశిరం, పుష్యం వదిలేస్తే మీకు మిగిలేవి ఎవరూ కోరని కోళ్ళే.

రాధ_తణుకు

సంక్రాంతి ముందు సమావేశం పెడితే అది మన సమావేశంగా ఉండదు. ఆ రోజుల్లో పుంజు పట్టుకున్న ప్రతి మనిషినీ పందెంవాడిగానే చూస్తారు, పోలీసులు వచ్చి ప్రశ్నిస్తారు, వాళ్ళు ప్రశ్నించడంలో తప్పు కూడా లేదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం కోళ్ళను పోరుకు దింపడమే నేరం, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ జూద చట్టం ప్రకారం పందెం కాయడం నేరం. కత్తి కట్టకుండా డింకీ వేసి (ఉత్తినే పోరు పెట్టి) చూసుకుంటామని కూడా కొందరు అంటారు. అది కూడా వద్దని నియమం పెట్టాలి. రెండు పుంజులను ఎదురెదురుగా వదిలి వాటి పౌరుషం చూసిన మరుక్షణమే అక్కడ గుంపు చేరుతుంది, ఆ గుంపులో మా అక్కలు నిలబడరు.

డేగపుంజు

రాధ గారూ, నేను పందేలకు వెళ్ళే మనిషిని కాను. మా ఇంట్లో డేగ, నెమలి, కాకి, సేతువ రంగులను తరతరాలుగా కాపాడుకుంటూ వస్తున్నాం. ఆ పేర్లు వినగానే బరి గుర్తుకు రావడం వల్ల ఆ జాతులే మాసిపోతే నాకు బాధగా ఉంటుంది. డింకీ వద్దన్న నియమం నాకు సమ్మతమే. పుంజులను మాత్రం రానివ్వరని అనకండి.

రాధ_తణుకు

పుంజులు లేకుండా మార్పిడికి అర్థమే లేదు. ప్రతి పుంజూ వేరే పెట్టెలో ఉండాలి, పెట్టె మూత తెరిచేది కొనేవారు అడిగినప్పుడే. ఇంతవరకే నా కోరిక. జరిగే తేదీ, స్థలం, ఉద్దేశం రాసి పంచాయతీ కార్యదర్శికీ, పోలీసు స్టేషన్‌కూ ముందుగానే కాగితం ఇద్దాం. అప్పుడు ఎవరికీ అనుమానం ఉండదు.

కాళాస్తి_కోడి

డేగపుంజు గారి బాధ నాకు అర్థమైంది. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ గుర్తించిన కోడి జాతుల్లో అసీల్, కాళాస్తి, ఘాగస్ మన రాష్ట్రానికి సంబంధించినవి. కాగితం మీద గుర్తింపు ఉన్నా ఊళ్ళలో చూస్తే స్వచ్ఛమైన కాళాస్తి కోడి దొరకడం కష్టమైపోయింది. ఇళ్ళవాళ్ళు ఒకరితో ఒకరు పుంజులు మార్చుకోకపోతే ప్రతి ఇంట్లోనూ రక్తం దగ్గరైపోయి జాతి బలహీనపడుతుంది, లేదా ఎదురుగా దొరికిన ఏదో ఒక పుంజుతో కలిసిపోయి రూపమే మారిపోతుంది. కాబట్టి మీ సమావేశంలో జాతి పేరు నిజాయితీగా రాయాలన్న నియమం పెట్టండి. తల్లిదండ్రుల ఫొటోలు కూడా తెస్తే ఇంకా మంచిది.

మిద్దెకోళ్ళు_హైదరాబాద్

ఈ విషయంలో నా అనుభవం చెప్పాలి. హైదరాబాద్‌లో ఒక అమ్మకందారు నాటు పెట్టలని ఇచ్చినవి ఏడాది దాటినా ఒక్కటీ పొదుగుకు కూర్చోలేదు. తెలిసినవారికి చూపిస్తే అవి వనరాజా సంకరాలని చెప్పారు.

కాళాస్తి_కోడి

వనరాజా, గ్రామప్రియ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన డైరెక్టరేట్ పెరటి పెంపకం కోసమే రూపొందించిన రకాలు. వాటిలో తప్పేమీ లేదు. వనరాజా మాంసానికీ గుడ్లకూ, గ్రామప్రియ ముఖ్యంగా గుడ్లకు బాగా పనికొస్తాయి. కాని అవి సంకర రకాలు కావడం వల్ల వాటి పిల్లల్లో ఆ గుణాలు నిలవవు, పొదుగు గుణం కూడా తక్కువ. రంగురంగుల ఈకలు ఉండడం చూసి చాలామంది నాటువనుకుని మోసపోతున్నారు. వాటిని వాటి పేరుతోనే ఇస్తే ఎవరికీ నష్టం లేదు.

యాదగిరి_జనగామ

ధర సంగతి ఎవరూ ఎత్తలేదు. డబ్బు లేకుండా మార్పిడి అంటే, పుంజుకు ఎన్ని పెట్టలు, పెట్టకు ఎన్ని పిల్లలు అన్నది ఎలా తేలుస్తారు?

కోడిగంప

మా ఊళ్ళో గుడ్లకు వచ్చే వయసున్న పెట్టను ఇస్తే అదే వయసున్న పుంజుతో పాటు పొదుగుకు సరిపడా గుడ్లు అడుగుతారు. అది న్యాయంగానే ఉంటుంది, పెట్ట రేపటి నుంచే ఇంటికి గుడ్డు ఇస్తుంది కదా.

డేగపుంజు

అన్నిటికీ ఒకే కొలత పెట్టడం కుదరదు. ఇద్దరు ఒప్పుకున్నదే ధర. ఒకరికి కోడి లేకపోతే డబ్బు ఇవ్వనివ్వండి. ఒక్కటి మాత్రం నేను చేయగలను. కొత్తవాళ్ళకు కోడిని ఎలా పరిశీలించాలో చూపిస్తాను, ఎందుకంటే నేను మొదట రాసినట్టు, చేత్తో పట్టి చూడడం తెలిస్తే సగం మోసాలు ఆగిపోతాయి. ముందుగా పెట్టెలో ఉండగానే దూరం నుంచి ఊపిరి చూడాలి. నోరు తెరిచి, తోక ఊపుతూ పీలుస్తుంటే దగ్గరికి కూడా వెళ్ళకూడదు. చేతిలోకి తీసుకున్నాక ముక్కు రంధ్రాల పక్కన బొటనవేలితో మెల్లగా నొక్కితే నీరు రాకూడదు. కంటి మూలల్లో నురుగు ఉండకూడదు. రొమ్ము ఎముకకు అటూ ఇటూ కండ చేతికి తగలాలి, ఎముక కత్తిలా తగిలితే లోపల పురుగులైనా ఉండాలి, పాత జబ్బైనా ఉండాలి. తోక కింద ఈకలు విడదీసి పేలు, వాటి గుడ్లు ఉన్నాయేమో చూడాలి. కాళ్ళ పొలుసులు పైకి లేచి సున్నం పట్టినట్టు ఉంటే అది పొలుసుల కింద దూరిన పురుగు పని. చివరగా పెట్టె అడుగున పడిన రెట్ట చూడాలి. మనిషి ఏం చెప్పినా రెట్ట అబద్ధం చెప్పదు.

రాధ_తణుకు

డేగపుంజు గారూ, మీరు ఇది నేర్పడానికి వస్తే మా సంఘం మొత్తం వింటుంది. మీ రెట్ట మాటను సంఘం పుస్తకం మొదటి పేజీలో రాయించమని మా అక్క ఒకరు నవ్వుతూ అన్నారు.

పశువైద్యం_22

టీకా గురించి రాస్తానని చెప్పాను. ఇది కొంచెం పెద్దదే, అయినా అందరూ చదవమని కోరుతున్నాను.

కొక్కెర తెగులుకు మందు లేదు, టీకా ఒక్కటే రక్షణ. పిల్లలకు 5 నుంచి 7 రోజుల వయసులో లసోటా టీకా కంట్లో గానీ ముక్కులో గానీ ఒక చుక్క వేస్తాం. నాలుగు వారాలు నిండాక మళ్ళీ లసోటా ఇస్తాం. 8 వారాలు దాటాక అదే తెగులుకు వేసే ఆర్2బి టీకాను రెక్క దగ్గర చర్మం కిందికి అర మిల్లీలీటరు ఎక్కిస్తాం. ఆర్2బి చిన్న పిల్లలకు వేయకూడదు, నీరసంగా ఉన్నవాటికీ వేయకూడదు. ఇంతవరకు మీలో చాలామందికి తెలుసు. మరి పెరటి కోళ్ళకు టీకా ఎందుకు పడడం లేదు? సీసా చిన్నదైనా వంద డోసులు ఉంటాయి. ద్రావణంలో కలిపాక చల్లగా ఉంచి రెండు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారబోయాలి. పన్నెండు కోళ్ళున్న ఇల్లాలు వంద డోసుల సీసా తెచ్చుకుని ఎనభై ఎనిమిది పారబోయడానికి మనసొప్పక అసలు టీకానే మానేస్తుంది. ఇంటి నుంచి ఇంటికి ఐసుతో తీసుకెళ్ళే మనిషి లేక కూడా ఎన్నో ఇళ్ళు ఆగిపోతున్నాయి. లోపం టీకాలో లేదు, ఇళ్ళు విడివిడిగా ఉండడంలో ఉంది.

కాబట్టి మీరు సంఘంగా ఏర్పడితే కోళ్ళు మార్చుకోవడం కంటే ముందు చేయవలసిన పని సీసాను పంచుకోవడం. ఒకే వీధిలో, లేదా పక్కపక్క వీధుల్లో ఉన్న ఎనిమిది, పది ఇళ్ళు ఒకే సాయంత్రానికి పేర్లు ఇవ్వాలి. కోళ్ళను ఒకచోటికి తీసుకురాకూడదు, సీసాయే ఐసు నింపిన ఫ్లాస్కులో ఇంటింటికీ వెళ్ళాలి. పొద్దుగూకి కోళ్ళు గూటికి చేరాక వెళితే పట్టుకోవడం సులువు, వాటికి బెదురు కూడా ఉండదు. టీకా వేసే మనిషి ఒక్కరే లోపలికి వెళ్ళాలి, ప్రతి గుమ్మం దగ్గర చేతులు సబ్బుతో కడుక్కోవాలి, ఆ ఇంటివారి చెప్పులే వేసుకోవాలి, ఇంటికొక సూది మార్చాలి. ఏ ఇంట్లోనైనా కోళ్ళు తూలుతున్నాయని తెలిస్తే ఆ గుమ్మం తొక్కకుండా నాకు గానీ, పశువైద్య సేవల 1962 నంబరుకు గానీ ఫోను చేయాలి. వారం ముందు నులిపురుగుల మందు ఇస్తే టీకా బాగా పట్టుకుంటుంది.

టీకా వేసిన రెండు, మూడు వారాలకు గానీ కోడిలో పూర్తి రక్షణ రాదు. మార్పిడి రోజు ఆ తర్వాతే ఉండాలి. మార్చుకున్న కోడిని ఇంటికి తెచ్చాక 21 రోజులు విడిగా ఉంచాలి. ముందు పాత కోళ్ళకు మేత వేసి, చివరన కొత్తదాని దగ్గరికి వెళ్ళాలి, దానికి వేరే గిన్నె, మనకు వేరే చెప్పులు ఉండాలి. ఎవరూ తీసుకోక వెనక్కి తెచ్చుకున్న కోడికి కూడా ఇదే పద్ధతి వర్తిస్తుంది. సంతల వల్ల తెగులు పాకేది కొన్న కోడితో ఎంతో, అమ్ముడుపోక తిరిగొచ్చిన కోడితోనూ అంతే.

నెలల విషయానికొస్తే ఆగస్టు నుంచి అక్టోబరు మొదటి వారం దాకా అనువైనదని నా అభిప్రాయం. వానలు ఉంటాయి కాబట్టి కళ్ళం మీద టార్పాలిన్ కట్టుకోండి.

అట్లాంటా_వంశీ

ఇంటింటికీ సీసా తిరిగే ఈ పద్ధతి నేను ఇక్కడ ఎక్కడా చూడలేదు. చాలా బాగుంది.

యాదగిరి_జనగామ

డాక్టరు గారూ, మా ఊళ్ళో కూడా ఇదే మొదలుపెడతాను. అంగడి సంగతి తర్వాత చూసుకోవచ్చు.

కోడిగంప

నాకు ఒక అభ్యంతరం ఉంది. 21 రోజులు విడిగా ఉంచడానికి అందరికీ చోటు ఉండదు. రెండు సెంట్లలో ఇల్లు, ఒకే గూడు ఉన్నవాళ్ళు ఏం చేస్తారు? నియమాలు పెంచుకుంటూ పోతే చివరకు స్థలం ఉన్నవాళ్ళకే ఈ సమావేశం మిగులుతుంది.

నాటుగుడ్డు

అలాంటివారు గుడ్లు తీసుకోవచ్చు. పొదుగు పెట్ట ఉంటే వేరే చోటు అక్కరలేదు.

రాధ_తణుకు

కోడిగంప గారి అభ్యంతరం సరైనదే, గుడ్లు ఒక్కటే దానికి పూర్తి జవాబు కాదు. పుంజు కావలసినవాళ్ళు కూడా ఆ ఇళ్ళలో ఉన్నారు. మా సంఘంలో ఒకరికి ఊరి చివర ఖాళీ పశువుల కొట్టం ఉంది, అక్కడ కోళ్ళు లేవు. మార్పిడిలో వచ్చిన కోళ్ళను అక్కడే విడివిడి బోనుల్లో పెట్టి, మేత ఖర్చు ఎవరిది వారు భరిస్తే సరిపోతుంది. చూసుకునేందుకు ఆమె ఒప్పుకున్నారు, ఆమె శ్రమకు కొంత డబ్బు ఇవ్వాలి.

పశువైద్యం_22

కుదురుతుంది. బోనుకూ బోనుకూ మధ్య రెండు చేతుల దూరం ఉండాలి, ఒకే రోజు వచ్చినవాటినే ఒక విడతగా ఉంచాలి. మధ్యలో కొత్తవి చేరిస్తే 21 రోజుల లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. వెదురు గంపలు వద్దు, వాటిని శుభ్రం చేయడం కష్టం. కోళ్ళను తెచ్చేది అట్టపెట్టెల్లో అయితే వాడాక కాల్చేయవచ్చు.

గూడెం_పెరడు

అందరి మాటలూ విన్నాక మొదట అనుకున్నదాన్ని మార్చుకుంటున్నాను. రాబోయే ఆదివారం కోడిగంప గారి ఊరి కళ్ళం దగ్గర మనుషులం మాత్రమే కలుద్దాం, ఒక్క కోడిని కూడా ఎవరూ తేవద్దు. ఎవరి ఇంట్లో ఎన్ని కోళ్ళు, ఏ వయసువి ఉన్నాయో రాసుకుని వీధుల వారీగా టీకా జాబితా తయారు చేద్దాం. కోళ్ళను పరిశీలించే పద్ధతిని డేగపుంజు గారు ఆ రోజు నోటితో చెబుతారు, మార్పిడి రోజున చేత్తో చూపిస్తారు. పంచాయతీకీ స్టేషన్‌కూ ఇవ్వవలసిన కాగితం నేను రాస్తాను. టీకా తిరిగిన మూడు వారాల తర్వాత పుంజులు, గుడ్లు తెచ్చుకుందాం. ఈ లోపల జిల్లాలో ఎక్కడైనా కోళ్ళు గుంపుగా చనిపోతున్నాయని తెలిస్తే ఎవరినీ అడగకుండా తేదీ రద్దు చేస్తాను.

డేగపుంజు

వస్తాను. మా వీధిలో అయిదు ఇళ్ళ పేర్లు ఇప్పుడే రాసుకోండి, వయసున్న కోళ్ళు అరవై దాకా ఉంటాయి.

కోడిగంప

కళ్ళానికి అనుమతి వచ్చింది. డాక్టరు గారూ, మా ఇంట్లో రెండు పెట్టలు ఇప్పుడు పొదుగు మీద ఉన్నాయి. వాటికి కూడా టీకా వేయవచ్చా?

పశువైద్యం_22

ఇప్పుడు వాటిని కదపకండి. పిల్లలు దిగి, తల్లి మళ్ళీ మేతకు అలవాటుపడ్డాక తర్వాతి విడతలో వేద్దాం. దిగిన పిల్లలకు మాత్రం ఏడో రోజు దాటకుండా లసోటా చుక్క పడాలి, అవి ఏ తేదీన దిగుతాయో లెక్క చూసి ఆదివారం నాకు చెప్పండి. ఆ వీధిలో చిన్న కోడిపిల్లలున్న ఇళ్ళు ఇంకా ఉంటే అన్నిటికీ ఒకే సీసా సరిపోతుంది.